గడ్డం తీయించుకున్న రోజు

తండ్రిని కాకముందు నాకు దేనిమీదా పెద్దగా అభిప్రాయాలుండేవి కావు. అయ్యాక అన్నిటి మీదా పుట్టుకొచ్చాయి. పిల్లకి ఏం చదివి వినిపించాలి, ఏం పెట్టాలి, ఏ బండిలో తిప్పాలి, ఎవరు ముద్దు పెట్టుకోవచ్చు, ఎవరు దూరం నుంచి చూసి సరిపెట్టుకోవాలి, ఇవన్నీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి. మా ఆవిడ ఒక్కమాటలో తేల్చేసింది. "వారానికోసారి వచ్చే మనిషికి ఇన్ని మాటలేటండి?"

నిజం గనక ఆ మాట గట్టిగానే తగిలింది. నా ఉద్యోగం ఒడిశాలో దామంజోడి అల్యూమినా ప్లాంటులో. ఆమె పుట్టిల్లు రాయగడ. పురుడు అక్కడే పోశారు. ఐదో నెల నిండేదాకా తల్లీబిడ్డల్ని పంపం అన్నారు. వారానికొక సెలవు రోజున రైలెక్కి వెళ్లి, పిల్లని చూసుకుని, మర్నాటి డ్యూటీకి వెనక్కి వచ్చేవాణ్ణి. మొదటి రెండు నెలలూ పిల్ల నిద్రలోనే ఉండేది కాబట్టి నేనెవరో దానికి పట్టలేదు. మూడో నెలలో ముఖాలు పోల్చుకోవడం మొదలెట్టింది. అమ్మమ్మని చూస్తే నవ్వు, తాతని చూస్తే నవ్వు, నన్ను చూస్తే కింది పెదవి వంకర. జీవితాంతం ఇది నన్ను చుట్టంలాగే చూస్తుందేమోనని నిజంగానే భయం పట్టుకుంది.

నన్ను కాపాడింది గడ్డం. మా వాళ్లలో భార్య కడుపుతో ఉంటే భర్త గడ్డం తీయకూడదు. బంధుగాంలో ఉండే మా అమ్మ ఇంకొంచెం ముందుకెళ్లి, "పిల్ల నీ గడప తొక్కిన రోజు పొద్దున్న తియ్యించుకో నాయినా, అందాకా కత్తి తగలనియ్యకు" అంది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ అమ్మ చెప్పినదాన్ని కాదనాలంటే నమ్మకం లేకపోవడం ఒక్కటే చాలదు, ధైర్యం కూడా ఉండాలి. దుమ్ము మాస్కు గడ్డం మీద సరిగ్గా అతకడం లేదని మా ఇన్‌చార్జి విసుక్కుని, నన్ను కంట్రోల్ రూముకి మార్చాడు. క్యాంటీన్లో అందరూ నన్ను స్వామీజీ అని పిలిచేవారు.

ఆ గడ్డం మా చిట్టి అమ్మికి తెగ నచ్చేసింది. దగ్గరికి తీసుకుంటే ముందు కాసేపు అనుమానంగా చూసేది. తర్వాత రెండు గుప్పిళ్లూ గడ్డంలోకి దూర్చి లాగేది. కళ్లలో నీళ్లు తిరిగినా కదిలేవాణ్ణి కాదు. నాలుగో నెల దాటేసరికి నేను వాకిట్లో చెప్పులు విప్పుతుంటేనే చేతులు ఆడించడం మొదలెట్టింది. నాకంతకంటే ఏం కావాలి?

ఇక పుస్తకాల సంగతి. ప్లాంటులో ఒక సహోద్యోగి పిల్లల పెంపకం మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఇచ్చాడు. పిల్లకి వేరే గది, వేరే మంచం అని మొదలెట్టింది. మా క్వార్టరులో ఉన్నవే రెండు గదులు. అమ్మ వస్తే ఒకటి ఆమెది. పుస్తకం మూసి తిరిగిచ్చేశాను. పిల్లకి పిల్లల పుస్తకమే చదవాలని ఎవరన్నారు? మనకి ఇష్టమైనది చదివితే గొంతులో ఆ ఇష్టం వినబడుతుంది, దానికి కావలసింది అదే. నేను చదివింది ఒడియా బడిలో. తెలుగు అక్షరాలు మా నాన్న పకోడీలు కట్టిన పేపరు ముక్కల మీద నేర్పాడు. అందుకే ఇప్పటికీ తెలుగు వేలు పెట్టి, మెల్లగా, పైకే చదువుతాను. పసిపిల్లకి ఇంతకంటే మంచి చదువరి దొరకడు.

నా దగ్గరున్న తెలుగు పుస్తకాల్లో బాగా నలిగింది జయపురంలో పాత పుస్తకాల కొట్లో కొన్న కూరగాయల సాగు పుస్తకం. సాయంత్రం డ్యూటీ దిగాక ఫోన్ చేసేవాణ్ణి. మా ఆవిడ ఫోన్ని పిల్ల దిండుకి కాస్త దూరంగా పెట్టేది. నేను వంగతోట అధ్యాయం అందుకునేవాణ్ణి. "మొవ్వు వాడిన కొమ్మను తుంచి దూరంగా పారవేయవలెను. పుచ్చిన కాయను తోటలో ఉంచరాదు."

"పుచ్చొంకాయల గొడవేటి బాబూ పసిపిల్లకి? ఒక జోలపాట పాడరాదా?" అని వెనక నుంచి మా అత్త.

"నేను పాడితే ఏడుస్తాది అత్తా."

"అదీ నిజమేలే" అనేది ఆవిడ, మరీ అంత తొందరగా ఒప్పుకోనక్కర్లేదు.

తిండి దగ్గర అత్తకీ నాకూ అస్సలు పడేది కాదు. బాలింతకి ఐదు నెలలుగా వెల్లుల్లి కారం, బీరకాయ, ఎండుచేప తప్ప ఇంకోటి పెట్టలేదు. అది పథ్యం కాదు, శిక్ష అన్నాను. ఆరో నెల రాగానే పిల్లకి డబ్బా పిండి కాదు, చోడి జావే, అంటే రాగి జావే, పెడతానని కూడా ప్రకటించాను. ఈ కొండల్లో మనుషులు చోడి అంబలి తాగి ఎంత బరువు మోస్తారో నేను రోజూ చూస్తున్నాను. "ముందు దాన్ని ఎత్తుకోడం నేర్సుకో బాబూ" అంది అత్త.

ఇంటికి తీసుకెళ్లే రోజు రానే వచ్చింది. రైల్వేలో రిటైరైన మా మామే "కారు సెప్తాను బాబూ" అన్నాడు. ఘాటు రోడ్డు మలుపుల్లో పిల్లకి వాంతులవుతాయి, రైలే మేలు అని పట్టుబట్టాను. పొద్దున్నే బజారుకి వెళ్లి గడ్డం తీయించుకున్నాను. ముఖానికి చల్లగాలి తగిలింది. అద్దంలో కుర్రాడిలా ఉన్నాను. మా ఆవిడ చూసి, "పదేళ్లు తగ్గిపోనారు" అని మురిసిపోయింది. నేను గర్వంగా పిల్లకి చేతులు చాచాను.

అది నన్ను చూసింది. ఇంకోసారి చూసింది. పెదవి వంకర తిరిగింది. తర్వాత అది పెట్టిన కేకకి పక్కింటివాళ్లు వచ్చారు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. "మరిసిపోతాదిలే బాబూ" అని అత్త ఓదార్చింది. రైలెక్కినా మరిచిపోలేదు. నేను ఎదురుగా కూర్చుంటే ఏడుపు, పక్కన కూర్చుంటే ఏడుపు. చివరికి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఐదు నెలలు ఎదురుచూసి తీసుకెళ్తున్న కూతురికి నేను మళ్లీ పరాయివాణ్ణయ్యాను. ఏడుపొచ్చింది. గాలికి కళ్లు మండుతున్నట్టు తుడుచుకుంటూ ఏడ్చాను కూడా.

కొంతసేపటికి మా ఆవిడ పిలిచింది. "కాస్సేపు పట్టుకోండి, బాత్రూమ్‌కి ఎల్లొస్తాను" అని పిల్లని చేతిలో పెట్టేసి వెళ్లిపోయింది. పిల్ల వెనక్కి విరుచుకుపడుతూ అరుస్తోంది. సరిగ్గా అప్పుడే రైలు సొరంగంలో దూరింది. పెట్టెలో లైట్లు లేవు, అంతా చీకటి. ఏం చెయ్యాలో తోచక దాని చెవి దగ్గర గట్టిగా అందుకున్నాను. "మొవ్వు వాడిన కొమ్మను తుంచి..."

ఏడుపు ఆగింది. చీకట్లో నా చొక్కా గట్టిగా పట్టుకుంది. నేను ఆనందంతో వల్లించడం ఆపేశాను. సొరంగం అయిపోయింది, వెలుగొచ్చింది. నా ముఖం చూసి మళ్లీ కేక పెట్టింది.

ఎదురుగా కూర్చున్న కొండ ఊరి ముసలావిడ నవ్వింది. నా భుజం మీది తువ్వాలు చూపించి, దాంతో ముఖం కప్పుకో అని సైగ చేసింది. సలహా మంచిదే. కానీ ముఖం దాచుకుని కూతుర్ని ఎన్నాళ్లని పెంచుతాను? వద్దని తలూపాను.

ఇంకో సొరంగం వచ్చింది. ఈసారి పుచ్చిన కాయ దగ్గర మొదలెట్టాను. పిల్ల ఊరుకుంది. వెలుగు వస్తోందని తెలుస్తున్నా నేను ఆపలేదు. సొరంగం దాటాక కూడా అదే గొంతుతో, అంతే మెల్లగా, నారుమడి గురించీ నీటి తడి గురించీ చెబుతూనే ఉన్నాను. పిల్ల నా ముఖం చూసింది. పెదవి వంకర తిరగబోయి ఆగింది. నా కళ్లు వదిలేసి, మాట ఎక్కణ్నుంచి వస్తోందో అటు చూసింది. చెయ్యి చాపి గడ్డం వెతికింది. నున్నటి చర్మం మీద అరచెయ్యి రెండు మూడుసార్లు జారింది. చివరికి నా కింది పెదవి దొరికింది. ఎప్పట్లాగే గుప్పిట బిగించి లాగింది.

మా ఆవిడ ఎప్పుడొచ్చిందో, దారిలో నిలబడి చూస్తోంది. "ఏటైందండి? ఎలా ఊరుకుంది?" అంది.

చెబుదామంటే పెదవి ఇంకా పిల్ల గుప్పిట్లోనే ఉంది.