గార్లండ్ రుచి పోగొట్టుకున్న ఏడాది

గార్లండ్ స్ప్రూయిల్ మా ఊరు వచ్చి స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. ఇక్కడే ఇల్లు కొన్నాడు, ఇక్కడి చర్చిలోనే చేరాడు. ఊళ్లో సగం కొట్లలో ఫ్రిజ్‌లు, కూలర్లు చెడిపోతే ఆయనే వచ్చి బాగుచెయ్యాలి. అయినా మావాళ్లకి ఆయన ఇప్పటికీ "ఆ తూర్పాయనే". దానికి కారణం ఆయన నోరు.

మా నార్త్ కరోలినాలో తూర్పువాళ్లు పందిని నిండుగా, తలనుంచి తోకదాకా నిప్పుల మీద కాల్చి, సన్నగా తరిగి, దాని మీద వెనిగర్‌లో ఎండుమిరప కలిపి చల్లుతారు. మా లెక్సింగ్టన్ వైపు భుజం మాంసం ఒక్కటే కాలుస్తాం. వెనిగర్‌లో కాస్త టమాటా కలిపి ఎర్రగా చేసి, దాన్ని డిప్ అంటాం. పక్కన పెట్టుకునే క్యాబేజీ తురుము కూడా ఎర్రగానే ఉంటుంది. రెండు బార్బెక్యూలకీ ఉన్న తేడా ఇంతే. ఈ మాత్రానికే మాటలు మానేసిన అన్నదమ్ములు నాకు తెలుసు.

నాది బీరు కాచే పని. మూతపడ్డ సాక్సుల మిల్లు వెనక భాగం అద్దెకు తీసుకుని, అక్కడే కాచి అక్కడే పోస్తాను. మొదటిసారి గార్లండ్ నా చల్లగది బాగుచెయ్యడానికి వచ్చాడు. పని అయ్యాక ఒక గ్లాసు గోధుమ బీరు ఇచ్చాను. ఒక గుక్క తాగి, గ్లాసు వెలుతురుకేసి పట్టి చూశాడు.

"అబ్బాయ్ డ్వైట్, అరటిపండు వాసన ఎక్కువైంది. పులియబెట్టేటప్పుడు నీ తొట్టె వేడెక్కింది, కదూ?"

వేడెక్కిన మాట నిజమే. ఆ రోజునుంచి కొత్తగా ఏది కాచినా మొదటి గ్లాసు ఆయనకే పోసేవాణ్ణి. ఒక్కసారి కూడా "బాగుంది" అని ఊరుకోలేదు. ఏదో ఒక వంక పెట్టేవాడు, ఆ వంక ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.

నా దగ్గర వంటగది లేదు. ఎవరి తిండి వాళ్లే తెచ్చుకోవాలి. గురువారం సాయంత్రాలు పొడుగు బల్ల చుట్టూ చేరి, డబ్బాలు విప్పి, తిన్నంతసేపూ ఎదుటివాడి డబ్బాను వెక్కిరించడం మావాళ్లకి అలవాటు. అక్కడ గార్లండ్‌కి ప్రతిసారీ దొరికే బలి హోబర్ట్. హోబర్ట్ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి, పుట్టింది పెరిగింది ఇక్కడే.

"మాంసం మీద టమాటా పొయ్యడమంటే ఏవిటో తెలుసా హోబర్ట్? పందికి లిప్‌స్టిక్ పుయ్యడం," అన్నాడు గార్లండ్ ఒక గురువారం, అందరికీ వినపడేలా.

పక్కబల్ల దగ్గర కూర్చున్న ఆవిడ తల తిప్పింది. ఆవిడ పేరు మేవిస్ హెడ్రిక్. పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త బట్ట వేసే షాపు ఉంది ఆవిడకి. భర్త పోయి చాలాకాలమైంది.

"ఏవండీ, మా నాన్న జీవితమంతా బార్బెక్యూ పొయ్యి ముందే నిలబడ్డాడు. ఆయన పందులకి లిప్‌స్టిక్ పూశాడంటారా?"

గార్లండ్ గబుక్కున టోపీ తీశాడు. "అయ్యో, మీ నాన్నగారిని కాదండీ. ఊరిని అన్నాను."

"ఊరంతా తిన్నది మా నాన్న చేతి తిండే. ఇప్పుడు చెప్పండి."

గార్లండ్ తన డబ్బా దగ్గరికి లాక్కుని చోటు చేశాడు. కుర్చీ ఒకటి జరిపి చూపించాడు. ఆవిడ తన గ్లాసూ డబ్బా పట్టుకుని వచ్చి కూర్చుంది. తర్వాత ప్రతి గురువారం ఆ కుర్చీ ఆవిడదే అయింది.

వాళ్ల వాదన వినడానికే పక్క ఊళ్లనుంచి జనం వచ్చేవాళ్లంటే నమ్మండి.

"మీరు పందిని నిండుగా ఎందుకు కాలుస్తారో నాకు తెలుసు. ఏ భాగం బాగుంటుందో తేల్చుకోలేక," అనేది మేవిస్.

"మీరు భుజం ఒక్కటే ఎందుకు కాలుస్తారో నాకూ తెలుసు. మిగతా పందిని మాకు అమ్ముకున్నారు గనక," అనేవాడు ఆయన.

ఒకసారి టెక్సాస్‌నుంచి వచ్చిన పెద్దమనిషి ఎవరో మధ్యలో దూరి, అసలు బార్బెక్యూ అంటే ఆవుమాంసమేనన్నాడు. ఇద్దరూ ఒక్కటై అతని మీద పడ్డారు. పాపం, సగం బీరు వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ జనవరిలో గార్లండ్‌కి జ్వరం వచ్చింది. మంచం దిగి మళ్లీ మా దగ్గరికి వచ్చేసరికి చిక్కిపోయి ఉన్నాడు. నేను కొత్తగా కాచిన నల్ల బీరు మొదటి గ్లాసు ముందు పెట్టాను. దానికి బార్బెక్యూ పొయ్యిల్లో వాడే హికరీ కర్ర పొగ పట్టించాను, ఆయన్ని మెప్పిద్దామని.

తాగాడు. "బాగుంది," అన్నాడు.

నాకు ఏదోలా అనిపించింది. జ్వరం నీరసమేమోలే అనుకున్నాను. పై వారం ఒక పీపా పాడైంది. నోట్లో పెట్టుకుంటే తడిసిన అట్టపెట్టె నమిలినట్టుంది. పారబొయ్యబోతూ, ఎక్కడ తప్పు జరిగిందో ఈయనైతే చెబుతాడు కదా అని ఒక గ్లాసు పోసిచ్చాను. సగం గ్లాసు తాగేసి నా భుజం తట్టాడు.

"ఇలాగే చెయ్యి, డ్వైట్. మంచి పేరొస్తుంది."

నేను గ్లాసులు కడగడానికి వెళ్లాను. అవతల బల్ల దగ్గర ఆయన గొంతు ఇదివరకటికన్నా గట్టిగా వినపడుతోంది. లిప్‌స్టిక్, మిగతా పంది, అన్నీ పాత మాటలే.

అసలు సంగతి మార్చిలో బయటపడింది. బల్ల మీద రెండు సీసాలున్నాయి. ఒకటి ఆయన వెనిగర్, రెండోది మేవిస్ ఎర్ర డిప్. గార్లండ్ హోబర్ట్‌తో వాదిస్తూ, సీసా కేసి చూడకుండానే డిప్ అందుకుని తన మాంసం మీద ధారగా పోసుకున్నాడు. పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇదీ హోబర్ట్, పులుపంటే! ఒక్క చుక్క టమాటా లేకుండా!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరిచారు. హోబర్ట్ మొహం వెలిగిపోయింది. వాడు ఇన్నాళ్లూ ఎదురుచూసిన రోజు అది. కానీ వాడి నోట్లోంచి మాట బదులు "అబ్బా!" అని అరుపు వచ్చింది. బల్ల కింద మేవిస్ వాడి కాలు తొక్కింది.

"హోబర్ట్, నీ మోకాలి నొప్పి ఎలా ఉందో ఇంకా చెప్పనేలేదు," అంది ఆవిడ, చాలా మర్యాదగా. డిప్ సీసా తీసి తన సంచిలో పెట్టుకుంది.

అందరూ వెళ్తుండగా నేను బీరు కాచాక మిగిలిన గింజల పిప్పిని ఒక రైతు బండిలోకి ఎత్తుతున్నాను. మా పిప్పి ఆయన ఆవులు తింటాయి. బండికి అవతల గార్లండ్ వ్యాను దగ్గర ఆయనా మేవిస్ ఇద్దరూ నిలబడి ఉన్నారు. వినాలని వినలేదు గానీ, వినపడింది.

"ఎప్పటినుంచి?" అంది మేవిస్.

"ఏది?"

"గార్లండ్."

ఆయన వ్యాను తలుపు తెరిచి, మళ్లీ మూశాడు. "జ్వరం వచ్చినప్పటినుంచి. కాఫీ తాగితే వేడినీళ్లు తాగినట్టుంది. రొట్టె తింటే గుడ్డ నమిలినట్టుంది. పొగ వాసన కూడా లేదు మేవిస్. పొయ్యి ముందు నిలబడితే కళ్లు మండుతున్నాయి, ముక్కుకి మాత్రం ఏమీ తెలియట్లేదు."

"డాక్టరు?"

"రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రకరకాల వాసనలు రోజూ పీల్చమన్నాడు. అదేం వైద్యమో!"

"మరి మాకు చెప్పొచ్చుగా?"

"చెప్పి? నాకు చేతనైనవి రెండే పనులు. చల్లబెట్టడం, పేచీ పెట్టడం. నాలుకే లేదని తెలిస్తే ఆ బల్ల దగ్గర నన్ను ఎవరు కూర్చోనిస్తారు?"

"పేచీకి నాలుక కావాలని ఎవరన్నారు? హోబర్ట్‌కి పుట్టినప్పటినుంచీ రుచి తెలీదు. వాడు వాగట్లేదూ?"

ఆయన నవ్వాడు. జ్వరం తర్వాత నేను విన్న అసలైన నవ్వు అదే.

మర్నాటినుంచి వైద్యం మేవిస్ చేతుల్లోకి వెళ్లింది. పొద్దున్నే పనికి పోయే ముందు ఆయన ఆవిడ షాపుకి వచ్చి, సగం బట్ట వేసిన సోఫా మీద కూర్చోవాలి. ఆవిడ మూతల సీసాలు ఒక్కొక్కటే ముక్కు కింద పెడుతుంది. ఒకదాంట్లో వెనిగర్, ఒకదాంట్లో కాఫీ గింజలు, ఇంకోదాంట్లో పొగ పట్టిన గుడ్డపీలిక. నా దగ్గరికి వచ్చి బీరులో చేదు కోసం వేసే హాప్స్ పూలు, మాడ్చిన బార్లీ మాల్ట్ గింజలు అడిగి పట్టుకెళ్లింది. కారణం నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు; పాడైన పీపా సంగతి మాత్రం ఆవిడకి చెప్పాను. ఒకరోజు ఇంకొన్ని పూలు ఇద్దామని వెళ్తే పరీక్ష జరుగుతోంది.

"ఇదేంటి?"

"కాఫీ."

"కళ్లు తెరిచి చూసి చెప్తున్నావ్. మూసుకో. ఇప్పుడు?"

"...వెనిగర్?"

"ఖాళీ సీసా. బడిలో కూడా ఇలాగే పాసయ్యావా నువ్వు?"

నన్ను చూసి గార్లండ్ కంగారుపడ్డాడు. "డ్వైట్‌కి ఎప్పుడో తెలుసులే," అంది మేవిస్. "పాడైన పీపా తాగి మెచ్చుకున్నావట కదా. పాపం, వారం రోజులు నిద్రపోలేదు."

"పాడైనదా అది?" అన్నాడు ఆయన నాకేసి చూసి. "మరి పేరొస్తుందన్నాను కదరా!"

మే నెలలో మా ఫైర్ స్టేషన్ వాళ్లు బార్బెక్యూ పోటీ పెడతారు. గార్లండ్ ఏటా నిండు పందిని కాల్చి ఓడిపోయేవాడు. జడ్జీలంతా లెక్సింగ్టన్ వాళ్లేననీ, దేవుడే దిగివచ్చి కాల్చినా ఓడిపోతాడనీ ఆయన వాదన. ఈసారి పేరు ఇవ్వనన్నాడు.

"కాల్చడం చేతుల్లో ఉంది, చేతులు బానే ఉన్నాయిగా," అంది మేవిస్. "రుచి నేను చూస్తాను."

"నువ్వా? లెక్సింగ్టన్ నాలుకతో నా వెనిగర్ పులుసు రుచి చూస్తావా?"

"ప్రస్తుతానికి దొరికే నాలుక ఇదొక్కటే. కావాలా, వద్దా?"

పోటీ రోజు తెల్లారేసరికే మైదానంలో పొగలు లేచాయి. నేను పీపాలు దించడానికి వెళ్లేసరికి గార్లండ్ పారతో నిప్పులు సర్దుతున్నాడు. మేవిస్ బకెట్‌లో వెనిగర్ కలుపుతోంది. మిరప వేసి, ఉప్పు వేసి, చెంచాతో నోట్లో పోసుకుంది.

"ఎలా ఉంది?" అన్నాడు గార్లండ్.

"పుల్లగా ఉంది."

"పుల్లగా అంటే ఎక్కడ? నాలుక చివరా, దవడల దగ్గరా?"

"చివర."

"అయితే కాలేదు. ఇంకో గ్లాసు పొయ్యి."

మళ్లీ రుచి చూసింది. ఆయన పార పక్కన పెట్టి, ఆవిడ మొహంలోకి తేరిపార చూశాడు. "ఉహూఁ. నీ మొహం ఇంకా ప్రశాంతంగా ఉంది. మిరప వెయ్యి."

మళ్లీ. ఈసారి ఆవిడ కనుబొమ్మలు పైకి లేచాయి. "ఒక కన్ను మూతపడాలి," అన్నాడు ఆయన. "ఇంకొంచెం."

ఇంకొంచెం వేసింది. చెంచా నోట్లో పెట్టుకోగానే ఒక కన్ను గట్టిగా మూసుకుపోయింది. ముక్కు మీద చెమట పట్టింది. పక్క పొయ్యివాళ్లు కూడా తొంగిచూస్తున్నారు.

"అదీ! ఆపు! అదే మా అమ్మ చేసే పులుసు!" అని గంతేశాడు గార్లండ్.

"మీ అమ్మ నిన్ను ఎందుకింత కష్టపెట్టింది?" అంది మేవిస్, నీళ్ల సీసా కోసం వెతుక్కుంటూ.

కావాలనుకుంటే ఆవిడ ఆ బకెట్‌లో ఏ మోసమైనా చెయ్యగలిగేది. ఆయనకి తెలిసేది కాదు. ఆవిడకి ఇష్టంలేని రుచిని ఆయన కోసం ఉన్నదున్నట్టు నిలబెట్టింది. జడ్జీలు తిన్నారు, ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు, మళ్లీ తిన్నారు. రెండో బహుమతి ఇచ్చారు. తూర్పు పందికి మా మైదానంలో బహుమతి రావడం అదే మొదలు. గార్లండ్ బహుమతి రిబ్బను చొక్కాకి పెట్టుకుని, మొదటి బహుమతి ఎందుకు రాలేదని గొడవ మొదలుపెట్టాడు.

ఆ తర్వాత చెట్టు నీడన కూర్చుని తింటున్నాం. నేను, హోబర్ట్, వాళ్లిద్దరు. పొద్దుటినుంచి మిరప మింగి మింగి నోరు మండుతోందని మేవిస్ ఇంటినుంచి తెచ్చుకున్న ఎర్ర క్యాబేజీ తురుము తింటోంది. గార్లండ్ మాటల్లో పడి ఆవిడ డబ్బాలోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపేశాడు.

"మేవిస్. ఇందులో మిరియాలు వేశావా?"

"ఎప్పుడూ వేస్తాగా."

"ఎక్కువయ్యాయి."

ఆయన ఇంకో ముద్ద తీసుకున్నాడు. "చక్కెర కూడా ఎక్కువే. టమాటా... టమాటా తెలుస్తోంది," అన్నాడు. మేవిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టం. ఆయన వంకలు పెడుతూనే డబ్బా అంతా ఖాళీ చేసేశాడు.

డిప్ సీసా నాడే అనుమానపడ్డ హోబర్ట్ ఊరుకుంటాడా? సాయంత్రానికి ఊరంతా చాటాడు. తూర్పాయన నాలుకకి ప్రాణం పోసింది మా ఎర్ర తురుమేనని, చర్చి బోర్డు మీద కూడా రాయించబోయాడు. పై గురువారం అందరూ గార్లండ్ మీద పడ్డారు.

"అది రుచి కాదయ్యా, దెబ్బ," అన్నాడు ఆయన ఏమాత్రం తగ్గకుండా. "నిద్రపోయేవాణ్ణి చెంపమీద కొట్టి లేపితే, లేచాక చెంపదెబ్బ బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకోవాలా?"

రుచులు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఎండలు ముదిరేసరికి వెనిగర్, ఆకులు రాలే రోజులకి కాఫీ. పొగ అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది, అదీ పూర్తిగా కాదు. గాలి ఇటు తిరిగినప్పుడు తెలుస్తుంది, అటు తిరిగితే పోతుంది అంటాడు. ఈ లోటు ఆయన ఇప్పుడు దాచడం లేదు. కాల్చేటప్పుడు "మేవిస్, పొగ ఎలా ఉంది?" అని అందరి ముందే అరుస్తాడు.

పెళ్లి ఎప్పుడని అడిగితే ఇద్దరూ మాట దాటేస్తారు. కానీ గార్లండ్ తన పందుల పొయ్యిని, చక్రాల మీద ఉండే అంత పెద్ద ఇనప పొయ్యిని, లాక్కొచ్చి మేవిస్ షాపు వెనక పెట్టాడు. మా వైపు ఉంగరం తొడగడంకన్నా అది పెద్ద మాట. ఒకటే చిక్కు, శనివారాలు పొగంతా షాపులోకి దూరి సోఫాలకి పడుతోంది. తన ఖాతాదార్లు పోతారేమోనని మేవిస్ బెంగపెట్టుకుంది. ఈ నెల మొదట్లో ఒకావిడ కొత్త బట్ట వేయించిన సోఫా ఇంటికి తీసుకెళ్లి, కొన్నాళ్లకి ఫోన్ చేసింది. గొడవ పెట్టుకుంటుందేమోనని మేవిస్ భయపడుతూనే ఫోనెత్తింది.

కుట్టు బాగుందట, బట్ట బాగుందట. వాళ్ల కుక్క మాత్రం సోఫా దిగడం లేదట.