దవడ పట్టుకున్న పళ్ళు

రాగి సంగటి ముద్దను మేము నమలం. పులుసులో అద్దుకుని మింగేస్తాం. అందుకే నలభై దాటేసరికి పళ్ళన్నీ పోయినా నాకు పెద్ద లోటనిపించలేదు. పుంగనూరు చుట్టుపక్కల టమోటా తోటల్లో కూలికి పోతూ, సంగటి మింగుతూ ఇరవై ఏళ్ళు గడిపేశాను.

అరవై దగ్గర పడ్డాక అక్షరాలు నేర్చుకున్నాను. అప్పుడు పళ్ళు కావాలనిపించింది. మధ్యాహ్నాలు బడి వరండాలో ఆడవాళ్ళకు చదువు చెప్పేవారు. పాఠం అందరికీ వినబడేలా పైకి చదవాలని నా ఆశ. బోసినోటితో మాట సగం గాలిలో పోయేది. మదనపల్లెకు పోయి కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాను. పైవరస నిలిచింది. కిందివరస మాత్రం నేను లేచి పాఠం చదువుతుంటే జారి పుస్తకం మీద పడింది.

"అక్కా, పాఠం నువ్వు సదువుతాండావా, నీ పళ్ళు సదువుతాండాయా?" అంది పక్కనున్న నా స్నేహితురాలు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరునాటి నుంచి బడికి పోలేదు.

కుప్పంలో ఉద్యోగం చేసే నా కూతురు, ఈ సంగతి తెలిసి, అక్కడి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఎక్స్‌రే చూపించాడు.

"పని లేక కింది దవడ ఎముక అరిగిపోయుండాదమ్మా. పళ్ళసెట్టు యాడ నిలుస్తాది?"

"మూడు పూటలా సంగటి తింటాండాను కదప్పా, పని లేదంటావే?"

"మింగితే పని గొంతుకమ్మా, దవడకు కాదు!"

వదులు నేలలో టమోటా మొక్కకు నాటిన ఊతకట్టె నిలవదు. నాకు అర్థమైంది.

ముందు అరిగినచోట ఎముక పొడి నింపి కుట్లు వేశారు. కొన్ని నెలలాగి దవడ ఎముకలోకి రెండు చిన్న టైటానియం మరలు దించారు. మళ్ళీ కొన్ని నెలలు ఆగాను. నమలకూడదన్న ఆ రోజుల్లో చల్లారిన సంగటే నన్ను కాపాడింది.

చివరికి ఇంకో ఎక్స్‌రే తీశారు. "ఎముక మరను పట్టుకునింది సూడమ్మా. ఇంక లాగినా రాదు," అన్నాడు డాక్టరు. నేను ఆ బొమ్మను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. నేను కాయలు కోస్తున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, నాకు తెలియకుండానే నా ఎముక ఆ లోహం చుట్టూ పెరిగింది. ఇన్నేళ్ళు అరిగిన ఎముక! ఈ వయసులో కూడా కొత్తదాన్ని పట్టుకోవడం దానికి తెలుసు.

ఆ మరల మీద కిందివరస టక్కున కూర్చుంది.

మళ్ళీ బడికి పోయాను. వరండాలో నేను పుస్తకం తీయగానే నా స్నేహితురాలు పక్కకు జరిగింది. "మీద పడతాయేమో, ఎందుకొచ్చిన గొడవ!"

నేను చదివాను. పేజీ చివరిదాకా, గట్టిగా. ఎవరూ నవ్వలేదు.

"ఇంగొక పేజీ సదువక్కా," అంటూ ఆమె తిరిగి నా దగ్గరికి జరిగింది.