ఖాళీ స్టూలు వంతు

మీరు చెబుతున్న కథకు ఆ గదిలో లేని మనిషి ఊకొడితే ఏం చేస్తారు? ఆపేస్తారా, విననట్టు నటించి ముందుకు సాగుతారా? గుండీల గదిలోని ఆడవాళ్లు రెండోదే చేశారు. అదీ చాలాకాలం.

చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో మిషన్లన్నీ కింది అంతస్తులో ఉంటాయి. మేడ మీద జరిగేది చేతిపని: గుండీలు కుట్టడం, వేలాడే దారాలు కత్తిరించడం, మడతపెట్టడం. తెల్లబట్ట మీద దుమ్ము పడకూడదని కిటికీలు మూసే ఉంచుతారు. గుండీలు పడిన చొక్కాలను గోడ పొడవునా కట్టిన తీగకు తగిలిస్తారు. గాలి చొరబడని ఆ గదిలో అవి అప్పుడప్పుడూ భుజాలు కదుపుతాయి. కొత్తలో భయపడినవాళ్లు కూడా క్రమంగా వాటికి వీపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నారు.

పొడవాటి బల్లకు తలవైపు కూర్చునే మనిషిని అందరూ కథలక్క అంటారు. ఆమె కథ చెబితే తప్ప అక్కడ పని నడవదు. మధ్యాహ్నం తిండి తిన్నాక కళ్లు మూతలు పడతాయి, సూది వేలిలో దిగుతుంది, నెత్తుటి చుక్క అంటిన తెల్లచొక్కా ఇక ఎందుకూ కొరగాదు. కథ వినడానికి తల ఎత్తితే కుట్టు వంకర పోతుంది. అందుకని వాళ్లలో వాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. కథలక్క చెప్పే ఒక్కో వాక్యానికి ఒక్కొక్కరు, కూర్చున్న వరుసలో, "ఊఁ" అనాలి. ఎవరి వంతు దగ్గర ఊకొట్టడం ఆగితే వాళ్లు కునికినట్టు లెక్క. పక్కావిడ మోచేత్తో పొడుస్తుంది.

వరుసలో చివరి స్టూలు వెనక మెట్ల తలుపును ఆనుకుని ఉంటుంది. అది కథలక్క తోడికోడలిది. ఆమె చనిపోయాక దాని మీద ఎవరూ కూర్చోలేదు. ఆమె చనిపోయిన రోజు కథలక్క జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది. తోడికోడలు వీధి మలుపులో కాలు జారి పడిందనీ, అక్కడే ప్రాణం పోయిందనీ సాయంత్రానికి కబురు వచ్చింది. కాగితాల్లోనూ అదే రాశారు. వీధిలో పోయిన ప్రాణానికి జవాబు చెప్పవలసినవాళ్లు ఉండరు. వీధిని కోర్టుకు ఈడ్చేవాళ్లు ఎవరు?

కొన్నాళ్లకు అది మొదలైంది. చివరి నుంచి రెండో స్టూలు మామ్మది. ఆమె ఊకొట్టాక, మరుసటి వాక్యానికి మళ్లీ వరుస మొదట్లో ఉన్న, ఎప్పుడూ తుమ్ముతుండే తుమ్ములపిల్ల అందుకోవాలి. ఆమె నోరు తెరిచేలోపే ఇంకొక "ఊఁ" వినిపించేది. మెత్తగా, పళ్ల మధ్య దారం కొస పట్టుకున్న మనిషి అన్నట్టుగా. తోడికోడలికి అలా పట్టుకునే అలవాటు ఉండేది. ఎవరూ తల ఎత్తలేదు. ఎవరూ ఎవరినీ అడగలేదు. కథలక్క మాత్రం ఆ వంతుకు ఒక వాక్యం కేటాయించడం మొదలుపెట్టింది.

తోడికోడలి కూతురు పెద్దమ్మ కథలక్క దగ్గరే పెరిగింది. చదువు అయిపోయింది. వచ్చే సోమవారం నుంచి తల్లి స్టూలు మీదే కూర్చోవచ్చని సూపర్‌వైజరు మాటిచ్చాడు. ఆ వారంలో ఒక సాయంత్రం గిన్నెలు కడుగుతూ ఆ పిల్ల అడిగింది.

"పెద్దమ్మా, అక్కడ నేనూ కథ చెప్పాల్సొస్తుందా?"

"ముందు ఊకొట్టడం నేర్చుకో. కథల సంగతి తర్వాత."

"నేర్పితే నేర్చుకుంటాగా. అసలు కథకి ఏమేం కావాలి?"

కథలక్క గిన్నె తుడుస్తూ చెప్పింది. "ఒక మనిషి కావాలి. ఆ మనిషి నిలబడ్డానికి ఒక చోటు కావాలి. ఆమెకి ఏదో ఒకటి కావాలనిపించాలి, దానికేదో అడ్డం రావాలి. అడ్డం లేకపోతే అది కథ కాదు, ఊసుపోని కబురు. చివరికి అడ్డమైనా తొలగాలి, మనిషైనా మారాలి."

"వీటిలో ఒకటి తప్పు పెడితే?"

"వినేవాళ్లకి తెలిసిపోతుంది. తప్పెక్కడుందో చెప్పలేరు గానీ, ఏదో అతకలేదని తెలుస్తుంది."

"అయితే నాకు అమ్మ కథ అతకలేదు." పిల్ల చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "నీకు జ్వరమని తొందరగా ఇంటికి బయల్దేరిందన్నావు. ఆ మలుపు కార్ఖానా వెనకాల ఉంది. మన ఇల్లు ముందు గేటు వైపు. ఇంటికొచ్చే మనిషి అటెందుకు పోతుంది?"

ఆ రాత్రి కథలక్కకు కంటి మీద కునుకు లేదు. సోమవారం పిల్లను ఆ స్టూలు మీద కూర్చోబెట్టేలోపు ఈ సంగతి తేలాలి.

మర్నాడు తిండి తిన్నాక అందరూ సూదులు అందుకున్నారు. తుమ్ములపిల్ల ఒకసారి తుమ్మి, "అక్కా, ఇవాళైనా రాజుకి పెళ్లవుతుందా, మళ్లీ అడవిలో తప్పిపోతాడా?" అంది.

"రాజు ఇవాళ సెలవు పెట్టాడు. గుండీలు కుట్టే మనిషి కథ చెబుతాను."

"ఊఁ," అంది తుమ్ములపిల్ల నవ్వుతూ.

"ఆమె తోడికోడలికి ఇంట్లో జ్వరం."

"ఊఁ," అంది పక్కావిడ. ఆ గొంతులో నవ్వు లేదు.

వాక్యం వెంట వాక్యం బల్ల చుట్టూ తిరుగుతోంది. ఊకొట్టే గొంతులు సన్నబడుతున్నాయి. మామ్మ తన వంతు దగ్గర ఊపిరి తీసుకుని "ఊఁ" అంది.

"ఇంటికి వస్తూ ఆ మనిషి వీధి మలుపులో కాలు జారి పడింది."

అది ఖాళీ స్టూలు వంతు. ఏమీ వినిపించలేదు. కథలక్క ఆగింది. తీగ మీద చొక్కాలు ఒకదాన్నొకటి రాసుకున్నాయి. భరించలేక తుమ్ములపిల్ల "ఊఁ" అనబోయింది.

"నీ వంతు కాదే," అంది కథలక్క. మళ్లీ చెప్పింది. "కార్ఖానా గేటు దగ్గర పడింది."

నిశ్శబ్దం.

"ఈ గది వెనక మెట్ల మీద పడింది."

"ఊఁ."

అంతమందీ విన్నారు. ఆ బల్ల దగ్గర మొదటిసారి అందరూ ఒక్కసారే తల ఎత్తారు. ఎవరి పెదవులూ కదిలిన జాడ లేదు. ఎత్తిన తలలన్నీ ఆ స్టూలు వైపే తిరిగాయి. దాని మీద ఎవరూ లేరు.

మామ్మ చేతిలోని చొక్కా ఒళ్లోకి జారింది. "అక్కడ దీపం లేదమ్మాయ్. పట్టుకోడానికి కమ్మీ కూడా లేదు. నీకు జ్వరమన్న ఆరాటంలో గబగబా దిగింది. మేం వెళ్లేసరికే అయిపోయింది. సూపర్‌వైజరు సారు మనుషుల్ని పిలిపించి, వెనక గేటులోంచి మోయించి, మలుపులో పడుకోబెట్టించాడు. నోరెత్తితే మళ్లీ ఈ మేడ ఎక్కరన్నాడు."

"అందరూ నోరు మూసుకున్నారా మామ్మా?"

"బతికున్నవాళ్లం మూసుకున్నాం."

చనిపోయిన మనిషికి తాను చనిపోయిన చోటు కూడా మిగలనివ్వలేదు. అంతకంటే పచ్చి దొంగతనం ఇంకేముంటుంది?

మేడ మీద చప్పుడు లేకపోవడంతో సూపర్‌వైజరు పైకి వచ్చాడు. "ఏంటి, కథ ఆగింది? సూదులు కూడా ఆగాయే?"

"కథలో చోటు తప్పు పడింది సారూ," అంది కథలక్క. "మా తోడికోడలు పోయింది మలుపులో కాదు. ఈ మెట్ల మీద."

అతను ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. మామ్మ దగ్గర కాసేపు ఆగాడు. ఆమె తల దించుకుంది. "ఆ రోజు నువ్వు పనిలోనే లేవు. చెవిన పడ్డ మాట ఎక్కడా నిలవదు, తెలుసుగా?"

"మాట నిలవకపోతే పోనీండి. మెట్లు నిలిచే ఉన్నాయి. వచ్చి చూసేవాళ్లు చూస్తారు."

"సోమవారం మీ పిల్లకి పనిస్తానన్నాను. దాని నోటి దగ్గర కూడు నువ్వే తన్నేస్తావా?"

ఈ పని పోతే రెండు కడుపులకు ఆధారం లేదు. కథలక్క వెనక మెట్ల తలుపు వైపు చూసింది. చీకట్లో, కమ్మీ లేని ఆ మెట్ల మీద అడుగు వేస్తున్న పిల్ల కాళ్లు కనబడ్డాయి. సగం గుండీలు పడిన చొక్కా మడిచి బల్ల మీద పెట్టింది. లేచి నిలబడి, అందరికీ వినబడేలా తన నిర్ణయం చెప్పింది: పిల్ల ఈ గదిలో అడుగుపెట్టదు. తాను ఇప్పుడే కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్తుంది. ఈ బల్ల దగ్గర నుంచి సాక్షిగా ఒక్కరు వెంట వచ్చినా, ఎవరూ రాకపోయినా, తోడికోడలు ఈ మెట్ల మీదే పోయిందని తన పేరుతోనే ఫిర్యాదు ఇస్తుంది.