దాపటెద్దు, వలపటెద్దు

ఎండాకాలంలో చల్లని ఊళ్లకు పోయి సేదతీరే మనుషులుంటారని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. మా అనంతపురం వైపు వాళ్లు ఎండాకాలంలో ఇంకా ఎండలోకే పోయేవాళ్లు. శనక్కాయ పంట ఎప్పుడో ఇంటికొచ్చి, చేలన్నీ బోడిగా పడి, ఆకాశం వైపు చూడడం తప్ప వేరే పని లేని రోజులవి. పెళ్లిళ్లు, ఊరమ్మ దేవర్లు, పరసలు అన్నీ అప్పుడే. తిరునాళ్లను మేం పరస అంటాం. బుక్కరాయసముద్రం చెరువులో నీళ్లున్నాయంటే చూసి రావడానికి బండి కట్టేవాళ్లు. నీళ్లు లేవంటే, నిజంగా లేవా అని చూసి రావడానికి కట్టేవాళ్లు. ఇంట్లో కూర్చోలేకపోవడం మా జబ్బు.

నేను చెప్పేది ఎనభైల మొదట్లో మాట. నా పెళ్లయిన మొదటి ఎండాకాలం. నన్ను మా మేనత్త కొడుక్కే ఇచ్చారు. అత్తగారిల్లు పుట్టింటికి నాలుగిళ్ల అవతల. మేళం వాళ్లు ఒక పాట ఎత్తుకుని ముగించేలోపలే ఊరేగింపు అయిపోయిందని ఊరంతా నవ్వింది.

ఆ రెండిళ్లకూ ఒక్కో ఎద్దు ఉండేది. ఆ కరువులో రెండేసి ఎద్దులను మేపే శక్తి ఎవరికుంది? నాయన ఎద్దునూ మామ ఎద్దునూ కలిపి కాడి కట్టి, ఒకరోజు ఈ చేను, ఇంకోరోజు ఆ చేను దున్నుకునేవాళ్లు. మామ ఎద్దు ఎప్పుడూ ఎడమపక్క, అంటే దాపల. నాయన ఎద్దు కుడిపక్క, వలపల. మెడ మీద మొదటిసారి కాడి పడిన నాటి నుంచీ వాటి చోట్లు అవే. దాపటెద్దును వలపల కడితే అది నడవదు. చంటిపిల్లను పక్కింటి తల్లి ఒడిలో పడుకోబెట్టినట్టు గింజుకుంటుంది.

ఉగాది నాడు కడుపునిండా ఓళిగలు తిని, తిన్నె మీద కూర్చుని, మా నాయన నోరు జారాడు.

"బావా, నీ యెద్దు మేతకు ముందు, కాడికి యెనక. మొన్న దుక్కిలో బరువంతా నాదే మోసినాది."

మామ ఊరుకునే మనిషా! "నీదా? తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు. నా యెద్దు లాగుతాంటే నీది పక్కన నడుస్తాంటాది, పెండ్లికి పోతాండే మాదిరి."

అక్కడ మొదలైంది, ఎక్కడో పోయి తేలింది. ఇద్దరూ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. సాయంత్రానికి మామ, "మా ఇంటోళ్లు ఎవురూ ఇంగ ఆ గడప తొక్కేది లేదు" అన్నాడు. అదే మాట అక్కడ నాయన కూడా అన్నాడట. పరసలో బండలాగుడు పోటీ ఉంది కదా, ఎవరి ఎద్దు సత్తా ఏమిటో అక్కడే తేల్చుకుందామని ఊరందరి ముందూ పంతం పట్టారు.

మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. అమ్మ రోజూ బోరింగు దగ్గర కనబడేది. కొంగు చాటు నుంచి ఇంత శనక్కాయ పొడి తీసి నా చేతిలో పెట్టి, "తిన్యావా?" అని అడిగేది. అంతవరకే. నాలుగిళ్ల దూరంలో పుట్టిల్లు పెట్టుకుని, ఆ గడప లోపలికి పోలేకపోవడం ఏం న్యాయం? నాకు ఏడుపొచ్చేది, కోపమూ వచ్చేది. కోపమే ఎక్కువ. గిన్నెలు గట్టిగా తోమేదాన్ని. మా ఆయన వాళ్ల నాయన ముందు నోరు విప్పే మనిషి కాదు, గొర్రెలను తోలుకుని పొద్దున్నే తప్పించుకునేవాడు. అత్త మాత్రం ఏమీ అనేది కాదు. అది ఆమెకూ పుట్టిల్లే. అయినా ఆ వైపు చూసేది కాదు, తన పని తాను చేసుకుపోయేది. ఈమెకు రాతిగుండె అనుకున్నాను.

ఒకనాటి సాయంత్రం మంచి వాన పడింది. ఊరు ఊరంతా మరునాడే నాగళ్లు కట్టింది. మా రెండెద్దులు మాత్రం చెరో గుంజ దగ్గరా నెమరు వేస్తూ నిలబడ్డాయి. ఎవరో దారిన పోతూ, "ఏమప్పా, ఒంటెద్దు సేద్యం ఎట్లుండాది?" అని కూడా అడిగిపోయారు. మామ తలుపు ధడాలున వేసుకున్నాడు గానీ నాయన దగ్గరకు పోలేదు. పరస అయ్యేదాకా ఈ చేలు ఇంతే, నా బతుకూ ఇంతే అని నాకర్థమైంది.

పరస గార్లదిన్నె వైపు ఒక ఊళ్లో. అక్కడ మా రెండిళ్లకూ చుట్టమైన ఒక ముసలాయన ఉండేవాడు. నాకు తాత వరస. ఆయన దగ్గర ఒక ఎద్దుల జత ఉండేది, చూస్తే దిష్టి తగిలేటట్టు. పోటీకి జత కావాలి కదా, మామ ముందురోజే తన ఎద్దును నడిపించుకుంటూ పోయి, తాత ఎద్దుల్లో తనకు నచ్చిన దాన్ని అడిగి పట్టుకున్నాడు. వెనకే మా నాయన పోయి, మిగిలినదాన్ని పట్టుకున్నాడు. ఇద్దరూ కొమ్ములు చూశారు, పళ్లు చూశారు, సుడులు చూశారు. అసలు అడగాల్సినది ఒకటి అడగలేదు. ఎద్దు ఏ పక్కదని ఇంకొకరిని అడగడం సేద్యగాడికి నామోషీ, అదొక కారణం. రోషం ఇంకో కారణం.

మరునాడు పొద్దున్న బస్సుకు అత్తా నేనూ పోయాం. అమ్మ రాలేదు, వాళ్ల బర్రె ఈనే దినాలు. ఆ బాధ పక్కన పెడితే, ఆ రోజంత సంతోషం నాకు చాలా తక్కువ రోజుల్లో దొరికింది. పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. ఎండ ముదిరాక కలింగరకాయ, అదే పుచ్చకాయ, ముక్కలు, మోచేతి దాకా రసం కారుతుంటే తిన్నాం. గోలీ సోడా కొట్టిన చప్పుడుకు అత్త ఉలిక్కిపడి, ఆ సోడావాణ్ణి తిట్టి, ఇంకొకటి కొట్టమంది. రంగులరాట్నం ఎక్కనంటే ఎక్కనని మొండికేసిన మనిషి, ఎక్కాక పైనుంచి "నిలపప్పా నిలపు" అని కేకలు పెట్టి, దిగగానే మళ్లీ వరసలో నిలబడింది. ఆకుపచ్చ గాజులు చేతినిండా వేయించుకుంది. నాకూ వేయించింది. ఇంట్లో మాట పెగలని అత్తేనా ఈమె అని నేను తెల్లబోయి చూశాను.

మధ్యాహ్నం దాటాక బండలాగుడు. తాడిపత్రి నుంచి లారీలో తెచ్చిన బండలు. ఉలవలు పెట్టి పోటీకే పెంచిన ఎద్దులకు పెద్ద బండ, మా మాదిరి పల్లెద్దులకు చిన్న బండ. గెలిస్తే ఇత్తడి బిందె. బిందె ఎవరికి కావాలి! గెలిచినవాడు ఇంకొకడిని జీవితమంతా దెప్పొచ్చు, కావలసింది అది.

ముందు మామ వంతు వచ్చింది. తన ఎద్దును ఎప్పటిలాగే దాపల కట్టాడు, తాత ఎద్దును వలపల కట్టాడు. ఈల పడింది. తాత ఎద్దు ముందుకు పోదే! ఎడమకు నెడుతుంది, తల తిప్పుతుంది, అసలు చోటు తనదైనట్టు మా ఎద్దు మీదికే వస్తుంది. మామ "హై హై" అని అరిచేకొద్దీ జత మొత్తం ఎడమకు తిరిగి, గానుగ చుట్టూ తిరిగినట్టు తిరిగింది. బండ ఉన్నచోటనే ఉంది. జనం పడీ పడీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా నాయన. తలపాగా ఊడిపోయేటట్టు నవ్వాడు. మామ ముఖం చూసి నాకు అయ్యో అనిపించింది. నిజం చెప్పాలంటే నవ్వు కూడా వచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తరువాత నాయన వంతు. ఈల పడింది. ఆ జత కుడివైపు తిరగడం మొదలుపెట్టింది.

జనం ఈసారి నవ్వలేక కింద కూర్చున్నారు. మామ మాత్రం నవ్వలేదు. ఎద్దు తప్పు నడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఆయనకు చేతకాదు. పంతం సంగతి మరిచిపోయి గుంపులోంచి కేక వేశాడు.

"బామ్మర్దీ! పక్క మార్చు! ఆ యెద్దును ఈ పక్కకు కట్టప్పా!"

నాయన చెమటలు కక్కుతూ, అంతే గట్టిగా అరిచాడు. "ఏది మార్చేది బావా? రెండూ వలపటివే!"

మామ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "నావి రెండూ దాపటివప్పా" అన్నాడు, నెమ్మదిగా, తనకు తానే చెప్పుకున్నట్టు.

ఉగాది తరువాత వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు ఆడిన మొదటి మాటలు అవి. అప్పటికే టైమైపోయిందని ఈల ఊదేశారు. బిందె ఎవరో తీసుకుపోయారు.

తాత ఆకు వక్క నములుతూ ఒక పక్కన కూర్చుని ఉన్నాడు. నేను పోయి, "కావాలనే ఇచ్చినావా తాతా?" అని అడిగేశాను. ఆయన ఉమ్మేసి వచ్చి, "నేనేం జేస్తిని? ఎవురికి నచ్చింది వాళ్లు పట్టకపోయిరి. వాళ్లు అడగలే, నేను చెప్పలే" అన్నాడు. ఆ ముఖంలో నవ్వు దాగలేదు.

కాడి విప్పగానే తాత ఎద్దులు రెండూ కలిసి కొట్టం వైపు పోయాయి. మావి రెండూ నీళ్లతొట్టి దగ్గరికి పోయాయి. తాగినంత తాగి, దాపలది ఎడమన, వలపలది కుడిన, మధ్యన బండి నొగకు చోటు వదిలి, మెడలు వంచి నిలబడ్డాయి. మామ ఒక పగ్గం, నాయన ఒక పగ్గం పట్టుకున్నారు. ఇద్దరూ లాగలేదు.

"వాటికేం, పౌరుషం లేదు. మీకుండాది గదా, మీరు ఎవురి దావన వాళ్లు నడిసి రాండి" అంది అత్త.

సాయంత్రం బస్సు పైన కూడా జనంతో నిండిపోయి, మా ముందు నిలపకుండా పోయింది. తాత వచ్చి, "నా బండి తీస్కపోండి, రేపు పంపించండి. యెద్దులు మటుకు ఇయ్యను. గిరగిరా తిరిగి అలిసిపోయినాయి" అన్నాడు. ఇక వేరే దారి లేదు. కాడి ఎత్తి పట్టుకోగానే రెండెద్దులూ వాటంతట అవే మెడలు పెట్టాయి.

మామ ముందు కూర్చుని తోలాడు. నాయన వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. మధ్యలో అత్తా నేనూ. ఎండ తగ్గి గాలి తిరిగింది. బండి దారాన్ని పరిచినట్టు తిన్నగా పోతోంది. నా నోరు ఊరుకోలేదు.

"నాయనా, ఇప్పుడు ఏ యెద్దు లాగుతాండాది?"

మామ ఎద్దులను అదిలించాడు, నాయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. అత్త మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని కదిలిపోతూ నవ్వింది. మామ, ఎద్దులతో చెబుతున్నట్టు, "రేపు మీ చేన్లో పదునుంటే దున్నేసుకుందాం" అన్నాడు. "ముందు నీదే కానీలే బావా" అన్నాడు నాయన.

దీపాలు పెట్టే వేళకు ఊరు చేరాం. వీధిలో ముందుగా వచ్చేది మా పుట్టిల్లే. నాయన దిగాడు. బండి ఇంకా నాలుగిళ్లు పోవాలి. మామ పగ్గాలు బిగించి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఏం గూచున్యారు? దిగండి ఇద్దురూ. ఇంత సంగటి తిని రాండి."

నేను కాళ్లు సర్దుకునేలోపలే అత్త బండిలోంచి దూకేసింది. చెప్పులు బండిలోనే ఉండిపోయాయి. కొత్త గాజులు గలగలమంటుంటే, "మే, యాడుండావే? బర్రె ఈనిందా?" అని అమ్మను కేకేస్తూ, ఏడుస్తూ, ఆ గడప దాటి లోపలికి పరుగెత్తింది. నేనింకా బండిలోనే ఉన్నాను.