మగపిల్లలకు చీపురిచ్చిన మా సోషల్ టీచర్

మా సోషల్ టీచర్ పోయారు. మొన్న ఉదయం అచ్యుతాపురం వెళ్ళే కంపెనీ బస్సులో ఉండగా అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. అందరూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చేశాను. ఆవిడే లేకపోతే నేను ఆ బస్సు ఎక్కేదాన్నే కాదు.

మల్కాపురంలో మా హైస్కూల్లో అప్పట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఆడపిల్లలం అరగంట ముందే వచ్చి గదులు ఊడ్చి, నీళ్ళు పట్టాలి. మగపిల్లలు బెల్లు కొట్టాక మహారాజుల్లా వచ్చి కూర్చునేవారు. అందులో తప్పేమైనా ఉందని మాకెవరికీ తోచనే లేదు.

సీతమ్మధార నుంచి బస్సులో వచ్చే ఈ టీచర్, చేరిన వారానికే అది కనిపెట్టారు. ఆడవాళ్ళ చాకిరీని పని అని ఎందుకనరని నిలదీసిన తొలితరం స్త్రీల గురించి పాఠం చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. వాచీ తీసి బల్లమీద పెట్టి, కొంగు దోపి, ముందు తనే గది ఊడ్చారు. తర్వాత చీపురు మగపిల్లల వరసకి అందించారు. తొమ్మిదో తరగతి తప్పి నా క్లాసులోకే వచ్చిన మా అన్నయ్యా ఆ వరసలోనే ఉన్నాడు. వాళ్ళు ఊడ్చారనడం కంటే ఒకరి మీద ఒకరు దుమ్ము పోసుకున్నారనడం నిజం.

"ఒకే పని ఎవరు చేస్తే గొప్పో, ఎవరు చేస్తే లెక్కలోకి రాదో గమనించండి" అనేవారు ఆవిడ ఎప్పుడూ.

మర్నాడే మా నాన్న స్కూలుకొచ్చాడు. ఆయన పోర్టులో కళాసీ, ఓడల్లో సరుకు దించే పని.

"ఏటి టీచరమ్మా, మావోడి సేత సీపురు పట్టిత్తన్నారంట? ఇలాగైతే ఇద్దర్నీ మానిపించేత్తాను. పిల్ల ఇంటికాడ పనికన్నా ఉంటాది."

మా నాన్న అన్నాడంటే చేస్తాడు.

ఆవిడ గొంతు పెంచలేదు. కుర్చీ చూపించి, "బాబూ, ఓడలో బొగ్గు దించాక అడుగున మిగిలింది ఎవరు ఊడుస్తారు?" అని అడిగారు.

"మేమే."

"ఆడవాళ్ళని పిలవరా?"

"ఆళ్ళెందుకొత్తారమ్మా? అది మా డూటీ."

"అక్కడ మీ డ్యూటీ అయిన పని, ఇక్కడ మీ అబ్బాయికి పరువు తక్కువ ఎలా అయింది?"

అప్పటిదాకా నిలబడే ఉన్న నాన్న ఆ కుర్చీలో కూలబడ్డాడు. మా నాన్నని ఒక్క ప్రశ్నతో అలా కూర్చోబెట్టగల మనిషిని నేను అంతవరకూ చూడలేదు. నోరు తెరుచుకుని ఆవిడ వంకే చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడు షిఫ్టులో పాతికమందికి పని చెబుతున్నాను కానీ, ఆ నిబ్బరంలో పావు వంతు కూడా నాకు అబ్బలేదు.

ఇంటికొచ్చాం. నా పుస్తకాల సంచి ఎక్కడ దాచాలా అని నేను వెతుక్కుంటున్నాను. ఇంతలో ఆయన అన్నయ్యని పిలిచి, చీపురు తీసుకుని వంగాడు.

"అలాగ కాదురా. మూలకాణ్ణుంచి లాగాల. దుమ్ము లెగకూడదు" అంటూ గదంతా ఊడ్చి చూపించాడు. తలెత్తి నన్ను చూసి, "నువ్వెల్లి సదువుకో" అన్నాడు.

అమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పెళ్ళయ్యాక నాన్న చేతిలో చీపురు చూడటం ఆమెకదే మొదలు. గరిటెలోంచి పులుసు బొట్లు బొట్లుగా నేలమీద కారుతున్నా చూసుకోలేదు.