పళ్లెం రాని గడప

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి మేఘన వంటింటి నల్లరాతి గట్టు మీద స్టీలు పళ్లెం పెట్టింది. విసరలేదు, జారవిడవలేదు, మామూలుగానే పెట్టింది. రాతికి స్టీలు తగిలి సన్నటి చప్పుడు వచ్చింది. అప్పుడే కోసిన బొప్పాయి వాసన వంటింట్లో నిండి ఉంది. నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఇరవై ఏళ్ల కిందట బెంగళూరు శివారు హెబ్బగోడిలో మూసిన తలుపు వెనక నిలబడి ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి వినేదాన్ని. అది మా గడప దగ్గర వినిపిస్తే ఒక అర్థం, వినిపించకపోతే ఇంకో అర్థం.

"ఏమైందమ్మా?" అంది మేఘన.

"ఏం లేదు. మునెమ్మవ్వ గుర్తొచ్చింది" అన్నాను.

మేఘనకు ఆమె ముఖం గుర్తులేదు. నేను ఈ రోజు లెక్కలు చేసి బతుకుతున్నానంటే, ఒక మాట విన్నప్పుడు దాని అవతలి వైపు కూడా చూడాలని నాకు తెలిసిందంటే, అది ఆమె పెట్టిన భిక్ష. పదో తరగతి లెక్కల్లో తప్పినదాన్ని నేను. నాకు లెక్క నేర్పిన ఆమెకు వేలిముద్ర తప్ప సంతకం రాదు.

మా వఠారం అంటే రేకులు కప్పిన గదుల వరస. అందరికీ కలిపి ఒక కొళాయి, చివర స్నానాలకు ఒక బచ్చలిల్లు. ఆ చివరే మునెమ్మవ్వ ఇల్లు, ఇంటి వెనక ఆమె బొప్పాయి చెట్టు. బొప్పాయి ఎక్కువ కాలం బతికే చెట్టు కాదు. అయినా ఆ మూల ఎన్నడూ ఖాళీగా ఉండేది కాదట. ఒకటి ఎండే లోపే దాని పక్కన ఇంకొకటి తల ఎత్తేది. మునెమ్మవ్వ వాళ్లు ముత్తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్లు. అద్దెకుండే మేమంతా బతుకుతెరువుకు వచ్చినవాళ్లం: మేము కదిరి నుంచి, పక్కగది నాగవేణి వాళ్లు నారాయణపేట నుంచి.

పండు మాగినప్పుడల్లా మునెమ్మవ్వ దాన్ని కోసి ప్రతి గదికీ ఒక పళ్లెం పంచేది. ముందు తొక్క మీద గోటితో గీరేది. తెల్లగా పాలు ఊరితే ఆ కాయ ఆ రోజుకు పక్కకు పోయేది. మధ్యాహ్నం మగవాళ్లు పనుల్లో ఉండే వేళ, ఎండ రేకుల మీద చిటపటలాడుతుండగా ఆమె బయలుదేరేది. కాళ్లకు పాత రబ్బరు చెప్పులు. ఒకటి తీగతో కట్టింది కాబట్టి ఒక అడుగు టప్పుమనేది, ఇంకో అడుగు ఈడ్చినట్టు వచ్చేది. ప్రతి గడప దగ్గరా ఆ నడక ఆగేది. రాతి మీద పళ్లెం చప్పుడు వినిపించేది. మళ్లీ నడక. తలుపు తట్టడం, పిలవడం ఉండేవి కావు.

కొత్తలో నాకు అదంతా ముచ్చటగా ఉండేది. దాని సంగతి చెప్పింది నాగవేణి.

"మనింటికి పళ్లెం రాకుంటే కడుపైనట్టే అక్కా. గీ వఠారంల డాక్టరెందుకు, పరీక్షలెందుకు? అవ్వ చెప్పులు ఆగకుంటే సరి" అని పకపకా నవ్వింది.

నేను నమ్మలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం ఆ చెప్పులు నాగవేణి గడప దగ్గర ఆగకుండానే మా గడపకు వచ్చాయి. నాగవేణి తలుపు తీసి బయటికి తొంగిచూసింది. "అవ్వకు కండ్లు కనిపిస్తలేవు. నాకేం లేదు, ఒట్టు!" అంది. అప్పుడూ నవ్వింది కానీ ఆ నవ్వు సగంలోనే ఆగింది. కొద్ది రోజులకే కొళాయి దగ్గర బిందె వదిలేసి వాంతి చేసుకుంది. ఆ రోజు నుంచి మునెమ్మవ్వ చెప్పుల చప్పుడు వినిపిస్తే నా వీపు మీద చన్నీళ్లు పోసినట్టు ఉండేది.

అక్కడితో ఆగినా బాగుండేది. నాగవేణికి నాలుగో నెల నడుస్తుండగా ఒకరోజు ఆమె గడప మీద మళ్లీ పళ్లెం కనిపించింది. పండు ముక్కలు ఎండలో ఎర్రగా మెరుస్తున్నాయి. ఎవరూ దాన్ని లోపలికి తీసుకోలేదు. ఈగలు ముసురుతున్నా అలాగే ఉంది. సాయంత్రం మొగుడు పని నుంచి రాగానే నాగవేణిని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. తిరిగి వచ్చేసరికి కడుపులో ఏమీ లేదు.

వారం తిరక్కుండా ఊరి నుంచి ఆమె అత్త వచ్చింది. బొప్పాయి చెట్టు ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది. "నీ పండే నా మనుమణ్ణి మింగింది! నీ చేతులు పడిపోను!" అంది. మునెమ్మవ్వ చెట్టుకు ఆనుకొని నిలబడి అంతా విన్నది. నాగవేణి వాళ్లు గది ఖాళీ చేసి వెళ్లిపోయారు. వఠారంలో కొత్త మాట పుట్టింది: అవ్వ పళ్లెం ఆగితే బిడ్డ వచ్చినట్టు, ఆగిన పళ్లెం మళ్లీ వస్తే బిడ్డ పోయినట్టు.

అలాంటి రోజుల్లో మా గడపకు పళ్లెం రావడం ఆగింది.

కదిరిలో ఉండగా నాకు రెండు కడుపులు పోయాయి. రెండుసార్లూ మా అత్తగారు అడిగిన మొదటి మాట "ఏం తిన్నావు?" అనే. జోడు అరటిపండు తిన్నావా, అనాస తిన్నావా, నువ్వులు నమిలావా? ఏదీ తినలేదన్నాను. "ఏదో తినుంటావులే, గుర్తుండదు" అంది. అందుకే మూడోసారి నేను ఒక్కొక్కటీ మానేస్తూ పోయాను. బొప్పాయి సరే. తర్వాత అనాస, నల్ల ద్రాక్ష, పనస. ఎవరో వేడి అంటే మామిడి, ఎవరో చలవ అంటే జామ. చివరికి అన్నం, చారు మిగిలాయి. ఆరోగ్య కేంద్రంలో నర్సు నా కనురెప్ప కిందికి లాగి చూసి కోప్పడింది. "రక్తమే లేదు కదమ్మా! పచ్చి బొప్పాయి, దోరది వద్దు. బాగా పండింది కొంచెం తింటే ఏమీ కాదు. అనాస, ద్రాక్ష శుభ్రంగా కడుక్కొని మామూలుగా తినొచ్చు. హెదరబేడ" అంది. భయపడకు అని. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే, "అమ్మ వద్దంది కదా, ఎందుకొచ్చిన రిస్కు?" అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు. మెట్లెక్కితే కళ్లు తిరిగేవి. అయినా తినలేదు.

ఐదో నెలలో ఒక మధ్యాహ్నం చాప మీద పడుకొని ఉన్నాను. చెప్పుల చప్పుడు మొదలైంది. టప్పు, ఈడ్పు. ఒక గడప, ఇంకో గడప. మా గడప దాటిపోవాలి. దాటలేదు. ఆగింది.

రాతి మీద పళ్లెం చప్పుడు వినిపించింది.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. లేచి బట్టలు చూసుకున్నాను. నొప్పి లేదు, మరక లేదు. ఇంకా లేదు, అనుకున్నాను. ఆ 'ఇంకా' అనే మాటే నన్ను నిలబడనివ్వలేదు. తలుపు తీసి, ఆ పళ్లెం పట్టుకొని నేరుగా చెట్టు దగ్గరికి వెళ్లాను. మునెమ్మవ్వ అక్కడే రాయి మీద కూర్చొని కత్తి కడుగుతోంది.

"ఇదేంది అవ్వా?"

"పరంగి పండు. కండ్లు కనపడవా ఏమి?"

"నాకెందుకు పెట్టినావు? నాగవేణికి పెట్టిన పొద్దే..."

ఆమె కత్తి పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "ఓహో. పళ్లెం వచ్చి బిడ్డను పిలుచుకోని పోయిందనుకున్యావా? కూచో. పడతావు." నేను కూర్చున్నాక మెల్లగా చెప్పింది. "ఆ పొద్దు తెల్లారతానే బచ్చలింట్లో రత్తం నేనే చూసినా. ఆ పాప మూలకు నిలబడుకోని వణకతా ఉండె. నేనే నీళ్లు పోసి కడిగినా. ఆస్పత్రికి పోదాం రామ్మా అంటే, మొగుడు రానీ అని మొండికేసె. ఇంగ ఒకటే ఏడుపు, మా అత్త వచ్చి ఏం తిన్యావు అంటే ఏమని చెప్పల్ల అని. బిడ్డ పోతా ఉండాదే అనే దానికంటే అదే ఎక్కువ బయమప్పా దానికి. సరే, ముసల్ది పరంగి పండు పెట్టిందని చెప్పు పో అంటిని. నలుగురికీ కనపడల్లని పళ్లెం తెచ్చి గడప మీద పెట్టినా. ఆ పాప ఒక్క తునక ముట్టలే."

"మరి వాళ్లత్త అన్నన్ని మాటలంటే ఊరికే ఉంటివి గదా!"

"నాకేమి, ముసల్దాన్ని. చెట్టుకేమి, చెవులుండాయా?"

నాకు ఇంకా అర్థం కాలేదు. పండులో ఏ దోషమూ లేకపోతే కడుపుతో ఉన్నవాళ్లకు పళ్లెం ఎందుకు ఆపుతావని అడిగాను.

"పండుకు బయపడి కాదు, నోర్లకు. నా పండు తిన్నాక ఏమన్నా అయితే, తిన్నోళ్ల నెత్తినే ఆ తప్పు యేండ్లకొద్దీ ఏస్తారు. నాకు ఏసినారు." ఆమె చేత్తో చెట్టు మొదలు వైపు చూపింది. "ఈడ మొదట మా మామ నాటిన చెట్టుండె. ఒక్క తునక తింటిని, మాగిందే. మూడు దినాలకో నాలుగు దినాలకో బిడ్డ పోయె. చెట్టును కొట్టేసినారు. బిడ్డను ఆ గుంతలోనే పెట్టినారు. ఈడనే ఉండాది. గింజలు ఏరుకోని నేనే మళ్లా నాటినా. సుమ్నే ఊరికే ఎట్ల వదిలేసేది, బిడ్డ ఒక్కతే కదా ఈడ ఉండేది."

ఎండ నిలువునా కాస్తోంది. అయినా నా చేతుల మీద రోమాలు లేచాయి. వఠారమంతా ఇన్నేళ్లుగా తింటున్నది ఏ మట్టిలోంచి వచ్చిన పండో అప్పుడు తెలిసింది. ఆమె మాత్రం ఆ చెట్టు పండు నోట పెట్టుకోవడం ఎవరూ చూడలేదు.

"నీకు రెండు పోయినాయి గదా" అంది ఉన్నట్టుండి. "పరంగి తిన్యావా?"

"లేదు."

"అనాస?"

"లేదవ్వా, ఏదీ లేదు."

"మరి యాల పోయె?"

నేను పళ్లెం కింద పెట్టాను.

"తిని పోయినోళ్ల పేర్లు అందరూ చెప్తారు. తినకుండా పోయినోళ్లను ఎవురు లెక్కేసినారు? తిని నిలిచినోళ్లను ఎవురన్నా అడిగినారా? ఈ వఠారంలో బిడ్డను కన్నోళ్లందరూ కడుపని తెలిసేదాకా నా పళ్లెం తిన్నోళ్లే. ఆ బిడ్డలే కదా ఇప్పుడు నా గోడ మీద బొమ్మలు గీస్తా ఉండేది! నీకు పండు కాదమ్మణ్ణీ, బయం పట్టుకోని తింటా ఉండాది. నిన్నూ తింటాది, లోపల ఉండేదాన్నీ తింటాది. అందుకని పెట్టినా."

"నీకెట్లా తెలుస్తుంది, ఎవరికి కడుపో?"

"దండెం మీద గుడ్డలు చూస్తా. కొళాయికాడ మొగాలు చూస్తా." తన అరచేతి వైపు చూసుకుంది. "ఒక్కోసారి అదీ కాదు. చెయ్యి పోదు, అంతే."

తర్వాత ఆమె ఒక ముక్క తీసుకుంది. తొక్క మీద గోటితో గీరి నాకు చూపింది. పాలు రాలేదు. మొదలు వైపు ఒక్క చూపు చూసి, కొరికింది. పళ్లు తక్కువ కాబట్టి చాలాసేపు నమిలింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "తియ్యగా ఉండాది" అంది. ఆ మాట నాతో అన్నది కాదు.

నేనూ ఒక ముక్క తిన్నాను. పైనుంచి ఎండిన ఆకు ఒకటి కాడతో సహా ఊడి మా మధ్య దబ్బున పడింది. ఇద్దరం ఉలిక్కిపడి చెట్టు వైపు చూశాం. గాలి లేదు. ఆ సాయంత్రం, మర్నాడు, ఆ పై వారమంతా నేను బచ్చలింట్లోకి వెళ్లినప్పుడల్లా ఊపిరి బిగబట్టి చూసుకున్నాను. ఏమీ కాలేదు. మెల్లగా మామిడి తిన్నాను, జామ తిన్నాను. నర్సు చెప్పినవన్నీ తిన్నాను. మేఘన పుట్టింది.

బొప్పాయి తిన్నందుకే మేఘన నిలిచిందని నేను అనను. అలా అంటే మా అత్తగారు చేసిన తప్పు లెక్కే నేనూ చేసినట్టు. ఒక్క కడుపుతో ఏ లెక్కా తేలదు. తర్వాత నేను బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర చేరాను. ఒక మిషన్ మీద కుట్టినవి ఎక్కువ పాడవుతున్నాయని సూపర్‌వైజరు అంటే, అదే మిషన్ మీద కుట్టి బాగున్నవి ఎన్ని, వేరే మిషన్ల మీద పాడైనవి ఎన్ని అని అడిగాను. అతను నా వైపు వింతగా చూశాడు. శాతాలూ సగటులూ ఆ తర్వాత సొంతంగా నేర్చుకున్నాను. ఎప్పుడు లెక్క మొదలుపెట్టినా నాకు నాలుగు గదులు కనిపిస్తాయి: తిని పోయినవాళ్లు, తిని నిలిచినవాళ్లు, తినకుండా పోయినవాళ్లు, తినకుండా నిలిచినవాళ్లు. లోకమంతా మొదటి గది తలుపే తడుతుంది. మూడో గదిలో నేను చాలా కాలం ఒంటరిగా కూర్చున్నాను. ఆ తలుపు తట్టింది మునెమ్మవ్వ ఒక్కతే.

మేఘనకు రెండేళ్లప్పుడు ఆమె పోయింది. వఠారం పడగొట్టి ఆ జాగాలో అంతస్తులు లేపారు. ఒకసారి అటు వెళ్లినప్పుడు చూశాను. నేలంతా సిమెంటు చేశారు. ఆ మూల మాత్రం సిమెంటు నెర్రె విచ్చి, అందులోంచి జానెడు బొప్పాయి మొక్క తొంగిచూస్తోంది. ఎవరు నాటారని వాచ్‌మన్‌ను అడగాలనిపించి కూడా అడగలేదు.

ఇప్పుడు మేము ఉన్నది ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఫ్లాట్లలో. పండు కోస్తే మా అంతస్తులో ప్రతి ఇంటికీ పంచే అలవాటు నాకూ వచ్చింది. నిన్న మేఘన గట్టు మీద పెట్టిన పళ్లేలన్నీ నింపాననే అనుకున్నాను. పంచి వచ్చిన మేఘన వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎదురింటి దివ్యక్కకు పెట్టలేదేం? ఒక పళ్లెం ఖాళీగానే ఉంచేశావు" అంది.

చూశాను. నిజమే. గట్టు మీద ఒక పళ్లెం ఖాళీగా ఉంది.

దివ్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఈ మధ్యే పెళ్లయింది. ఆమె బట్టలు మెషీన్‌లోనే ఆరుతాయి, నేను చూసే దండెం లేదు. కలిసి నీళ్లు పట్టుకునే కొళాయి లేదు. ఆ వారం ఆమెతో మాట్లాడలేదు. లిఫ్టులో కూడా ఎదురుపడలేదు. నాకు తెలిసిన దారులన్నీ వెతికాను, ఏ లెక్కకూ అందలేదు. చెయ్యి పోలేదు, అంతే.

మిగిలిన ముక్క తొక్క మీద గోటితో గీరాను. పాలు రాలేదు. ముక్కలు కోసి, పళ్లెం పట్టుకొని వెళ్లి ఎదురింటి గంట కొట్టాను. దివ్య తలుపు తీసింది. పళ్లెం చూసి అర అడుగు వెనక్కి వేసింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి వెళ్లింది.

"ఆంటీ... నేను ఇది... ఇంకా ఎవరికీ చెప్పలేదు" అంది.

"చెప్పొద్దులే. తినాలో వద్దో మీ డాక్టరును అడుగు, ఆమె చెప్పినట్టే చెయ్యి" అన్నాను. ఆమె ఎదుటే మొదటి ముక్క నేను తీసి కొరికాను. "ఏ పొద్దయినా ఎవరన్నా వచ్చి ఏం తిన్నావని అడిగితే మాత్రం, ఎదురింటి ముసల్ది పెట్టిందని చెప్పు."