మా చెల్లి తాగని సీసా

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది నేను కాదు, ఒక పాలసీసా. గులాబీరంగు మూత, పక్కన కుందేలు బొమ్మ. ఇన్నేళ్ళయినా ఏ దుకాణంలోనైనా అటువంటిది కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది.

అవి తొంభైల నాటి రోజులు. మేం భిలాయిలో ఉండేవాళ్ళం. అమ్మ ఉక్కు ప్లాంటు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. నాన్న ఊరి పక్కనున్న హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. మేముంటున్న సెక్టారు క్వార్టరు అమ్మ ఉద్యోగం మీద వచ్చినది. చెల్లి పుట్టాక అమ్మ తనకున్న రకరకాల సెలవులన్నీ కలిపి వాడేసింది, ఇక ఒక్కటీ మిగల్లేదు. వచ్చే సోమవారం డ్యూటీలో చేరాలి. చేరకపోతే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఇల్లూ పోతుంది. చేరితే పగలంతా చెల్లికి పాలెలా? అమ్మ దగ్గర తప్ప అది ఇంకెక్కడా చుక్క ముట్టేది కాదు.

చెల్లిని చూసుకోవడానికి విజయనగరం దగ్గర పల్లెటూరి నుంచి మా నాయనమ్మ వచ్చింది. భిలాయి ఇంకా రాకముందే, రైలు కుమ్హారి దాటగానే సంచులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడే మనిషి ఆవిడ, దేనికీ ఆగేది కాదు. హిందీ ఒక్క ముక్క రాదు. కోడలు ఉద్యోగం చెయ్యడం ఆవిడకు మొదటినుంచీ గిట్టదు. కోడలి పేరు మీదున్న ఇంట్లో కొడుకు ఉండడం అసలే గిట్టదు. వచ్చిన రోజున కాళ్ళు కడుక్కుంటూనే, "మానీయే ఆ ఉజ్జోగం. గుంట కంటే ఎక్కువేటి?" అంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఆ క్షణాన అమ్మ చెల్లి నోట్లో సీసా పెట్టడానికి నానా తంటాలు పడుతోంది.

సీసా మరగబెట్టడం నా పని. స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి, సీసా, మూత, రబ్బరు పీక విడివిడిగా వేసి, అవి కుతకుతలాడేదాకా పక్కనే నిలబడాలి. ఆ పీక రబ్బరు వాసన నా వేళ్ళను వదిలేది కాదు. ఇంత చేస్తే చెల్లి ఏం చేసేది? పెదాలు బిగించేది. బలవంతాన లోపల పెడితే నాలుకతో బయటికి నెట్టేది. ఇంకా పట్టుబడితే ఒళ్ళంతా విల్లులా వెనక్కి వంచి, మొహం కందిపోయేలా గుక్కపట్టేది. మళ్ళీ పాలు పారబొయ్యడం, మళ్ళీ సీసా కడగడం, మళ్ళీ నీళ్ళు స్టవ్ మీద. నా హోంవర్కు సంగతి అడిగే దిక్కు లేదు.

ముందు డబ్బా పాలు కలిపారు. అవి నచ్చలేదేమోనని ఆవుపాలు తెచ్చారు. అవీ నచ్చలేదేమోనని అమ్మ తన పాలే గిన్నెలోకి పిండి సీసాలో పోసింది. కన్నతల్లి పాలు కూడా ఆ పీకలోంచి వస్తే చెల్లికి విషమే. అంత కష్టపడి పిండిన పాలు దాని మెడ మీదుగా కారి గౌనులోకి పోతుంటే అమ్మ చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అంత చిన్న పిల్ల మీద కోపం తెచ్చుకోకూడదని తెలుసు. అయినా వచ్చింది.

చెల్లికి అమ్మ వాసన తగిలితే తాగుతుందని పక్కింటి దీదీ చెప్పింది. నాన్న అమ్మ విడిచిన చీరను భుజాల చుట్టూ కప్పుకుని సీసా పుచ్చుకుని కూర్చున్నాడు. పగలంతా ఇనుము చెక్కే మనిషి, గుబురు మీసాలు, ఒంటి మీద నీలం పూల చీర. చెల్లి ఆ చీరలో మొహం పెట్టి అటూ ఇటూ వెతికింది. వెతికింది దొరక్కపోయేసరికి నాన్న మీసం పట్టుకు లాగి ఆరున్నొక్క రాగం అందుకుంది. నేను ఫక్కున నవ్వాను. నాన్న నన్ను కసిరాడు, అమ్మ నాన్నను కసిరింది, నాయనమ్మ అందరినీ కలిపి కసిరింది.

దీదీ దగ్గర ఇంకో మందు కూడా ఉంది. "భూఖ్ లగేగీ తో ఖుద్ పీ లేగీ" అంది. ఆకలేస్తే అదే తాగుతుందని ఆవిడ భరోసా. ఒక మధ్యాహ్నం అమ్మను తీసుకెళ్ళి వాళ్ళింట్లో కూర్చోబెట్టింది. మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. ఇవతల చెల్లి ఏడుపు, అవతల అమ్మ. ఏడ్చి ఏడ్చి చెల్లి నిద్రపోయింది కానీ చుక్క ముట్టలేదు. మా ఇంటి ఆడవాళ్ళ పంతం దానికి అప్పటికే వచ్చేసింది.

చివరికి నాయనమ్మ తన పెట్టెలోంచి ఇత్తడి ఉగ్గుగిన్నె తీసింది. నాన్నను పెంచిన గిన్నె అదేనట. సీసాలూ పీకలూ పట్నం వేషాలని, చూస్తుండండని, చెల్లిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ధారగా పోసింది. చెల్లికి పొలమారి, దగ్గు తెరలు తెరలుగా వచ్చి, కళ్ళు తేలేసినంత పనయింది. నాయనమ్మ దాన్ని భుజాన వేసుకుని వీపు నిమురుతూ చాలాసేపు తిరిగింది. తర్వాత ఆ గిన్నెను కడిగి, తుడిచి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

ఆదివారం సాయంత్రం అమ్మ సీసాను విసిరి కొట్టింది. అది గోడకు తగిలి మంచం కిందికి దొర్లిపోయింది. పగిలినా కాస్త కసి తీరేదేమో, ప్లాస్టిక్కు కదా, పగల్లేదు. నాన్న దాన్ని చీపురుతో బయటికి లాగి, "రేపొక్క రోజు సూద్దాం. అవ్వకపోతే రాజీనామా ఇచ్చీ. కేంపు బస్తీలో ఎక్కడో గది అద్దెకి తీసుకుందుం" అన్నాడు. నాయనమ్మ సరిగ్గా అన్నావన్నట్టు తల ఊపింది. అమ్మ మాత్రం నేల మీద ఒలికిన పాలు గుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది. చెల్లి పుట్టకముందు ఆమె ఉద్యోగానికి ఎంత ముస్తాబుగా, ఎంత సంతోషంగా వెళ్ళేదో నాకు తెలుసు. ఆ ఇంట్లో ఆమె పక్షాన ఎవరూ లేరనిపించింది.

సోమవారం అమ్మ గుమ్మం దాటేదాకా చెల్లికి పాలిస్తూనే ఉంది. తర్వాత దాన్ని నాయనమ్మ చేతికిచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా నాన్న స్కూటరెక్కింది. నాచేత బడి మాన్పించారు. నాయనమ్మకు హిందీ రాదు, ఏదైనా అవసరం పడితే నోరుండాలి కదా.

పొద్దెక్కేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత మొదలైంది. నేను సీసా మరగబెట్టాను, నాయనమ్మ పట్టింది, చెల్లి నెట్టేసింది. చల్లారిందేమోనని వెచ్చబెట్టాం, వేడెక్కిందేమోనని చల్లార్చాం. ఎత్తుకుని తిప్పాం, గిలక ఆడించాం, కిటికీలోంచి ఆవుని చూపించాం. ఏడ్చి ఏడ్చి దాని గొంతు బొంగురుపోయింది. ఆఖరికి నాయనమ్మ సీసాను ముక్కాలి పీట మీద ఎదురుగా పెట్టుకుని, మనిషిని తిట్టినట్టు తిట్టింది. "నీ మొకం మండ! ఎన్నాళ్ళు ఏడిపిత్తావే మమ్మల్ని!" నేనూ నాలుగు తిట్టాను, హిందీలో.

ఉన్నట్టుండి ఆవిడ లేచింది. చెల్లిని చంకనేసుకుని, గుమ్మం దగ్గరున్న చెప్పులు తొడుక్కుంది. "మీ అమ్మ ఆపీసెక్కడుందో తెల్సునా?" అని అడిగింది. తెలుసన్నాను. సీసా తీసుకోబోతే, "దాన్నక్కడే సావనీ" అంది.

రిక్షాలో దారంతా ఆవిడ అమ్మను తిడుతూనే ఉంది. ఇలాంటి ఉద్యోగాలు ఎవరు కనిపెట్టారో వాళ్ళనూ తిట్టింది. తనను కాదని తెలిసినా రిక్షా అతను భయపడి గట్టిగా తొక్కాడు.

ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉన్న భయ్యా పాస్ ఉందా అని అడిగాడు. నాయనమ్మ "ఏటంతన్నాడు?" అంది. చెప్పాను. "పాలకి పాసేటి? అడుగు అలగే" అంది. నేను సిగ్గుపడుతూ అలాగే అడిగాను. ఆయన చెల్లి మొహం వైపు చూశాడు. లోపలికి పంపడం తన చేతిలో లేదని, కావాలంటే ఫోను చేసుకోమని, తన కాపలా గదిలో ఉన్న నల్ల ఫోను ఎత్తి ఎక్స్‌ఛేంజికి కలిపి నా చేతికిచ్చాడు.

లోపల అమ్మతోపాటు ఇంకా నలుగురైదుగురు ఆపరేటర్లు ఉండేవారు. ఆ ఫోను ఎవరైనా ఎత్తొచ్చు. ఎత్తింది అమ్మే.

"నంబర్ ప్లీజ్" అంది.

నేనెప్పుడూ వినని గొంతు అది. చక్కగా, స్పష్టంగా, తొణక్కుండా ఉంది. ముందురోజు సాయంత్రం మా ఇంట్లో నేల మీద పాలు తుడిచిన మనిషి గొంతని ఎవరూ అనుకోరు. ఆమె ఇంకోసారి "నంబర్ ప్లీజ్" అంది. సరిగ్గా అప్పుడే నా వెనక చెల్లి కెవ్వుమంది. అవతల గొంతు ఆగిపోయింది.

తన బోర్డు పక్క సీటు ఆవిడకు అప్పగించి అమ్మ ఇంచుమించు పరుగున వచ్చింది. జుట్టు మీద హెడ్‌ఫోను నొక్కిన గుర్తు అలాగే ఉంది. పైటను రెండు భుజాల చుట్టూ బిగించి కప్పుకుంది. మా దగ్గరికి వచ్చేసరికి ఆ పైట కాస్త జారింది. జాకెట్టు ముందంతా తడిసి ఉంది. చెల్లి ఏడుపు ఫోనులో విన్నప్పుడే పాలు చేపుకొచ్చాయట. తిట్టడానికి నోరు తెరిచిన నాయనమ్మ అలాగే ఆగిపోయింది.

"ఓలమ్మా, నువ్వూ మాడిపోతన్నావేటే!" అంది మెల్లగా.

గేటు పక్కన రేకుల కప్పుతో సైకిల్ స్టాండు ఉంది. దాని మూల ఒక సిమెంటు దిమ్మ మీద అమ్మను కూర్చోబెట్టి, చెల్లిని ఒళ్ళో పెట్టింది నాయనమ్మ. ఏడుపు టక్కున ఆగింది. అప్పటికి లంచ్ టైమై జనం సైకిళ్ళ కోసం రావడం మొదలుపెట్టారు. నాయనమ్మ వాళ్ళిద్దరికీ వీపు పెట్టి నిలబడి, తన పైటను రెండు చేతులా బారజాపి తెరలా పట్టుకుంది. వచ్చేవాళ్ళ వైపు గుడ్లురిమి చూసింది. తమ సైకిలు అక్కడుందని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది, అలాగే చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు.

తెర వెనక నుంచి అమ్మ అంది: "అత్తా, ఈ సాయంత్రం రాజీనామా రాసిచ్చేస్తాను."

నాయనమ్మ వెనక్కి తిరగలేదు. "ఎందుకే? రేపు ఇదే యేళకి తెత్తాను. గంట కొట్టగానే బయటికొచ్చి, పాలిచ్చీసి ఎల్లిపో" అంది.

అమ్మ ఏడుస్తోందని నాకు తెలిసింది. నాయనమ్మకు తెలియకుండా ఉండదు. పైట మాత్రం అంగుళం దించలేదు.

సాయంత్రం నాన్న జేబులోంచి కొత్తరకం పీక తీశాడు. చిల్లు పెద్దదట, మెత్తటి రబ్బరట, దీనికి ఏ పిల్లయినా లొంగుతుందట. నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒరె, నీకు సీసా కావాలేటి, గుంట కడుపు నిండాలేటి?" అంది. ఆ పీక ఏమైందో నాకు తెలియదు. సీసాలో మాత్రం నాయనమ్మ చెల్లి ఒంటికి రాసే నువ్వులనూనె పోసుకుంది.

మా చెల్లి ఎప్పటికీ సీసా ముట్టలేదు. అన్నం గుజ్జు తినడం మొదలెట్టాక, కొన్నాళ్ళకు తిన్నగా స్టీలు గ్లాసు అందుకుంది. అప్పటిదాకా ప్రతి పనిదినం మధ్యాహ్నం నాయనమ్మ దాన్ని గేటు దగ్గరికి తీసుకెళ్ళింది. నా అవసరం కూడా లేకపోయింది. "భయ్యా, బచ్చీ భూఖా" అని పిల్ల ఆకలి చెప్పే ఒక్క వాక్యంతో అన్ని పనులూ నడిపించుకుంది.

ఆవిడ మనసు మారిందా అంటే, లేదు. కోడలు ఉద్యోగం మానెయ్యాలని బతికినన్నాళ్ళూ అంటూనే ఉంది. పొద్దున్న అంటుంది, చెల్లికి నూనె రాస్తూ అంటుంది, మధ్యాహ్నం కాగానే ఆ మాట సగంలో ఉండగానే చెప్పులు తొడుక్కుంటుంది. అమ్మ మొన్నమొన్న ఆ ఉద్యోగంలోనే రిటైరైంది. ఆ రోజు వేసిన పూలదండ తీసుకెళ్ళి నాయనమ్మ ఫొటోకి వేసింది.

నాకూ నాయనమ్మ కోపమే వారసత్వంగా వచ్చింది. నా మాట కాదంటే ఇల్లు పీకి పందిరేస్తాను. నిన్న మా అమ్మాయి ఎక్కడో పూణేలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంది. అంత దూరం ఎందుకని, ఈ ఊళ్ళో లేవా అని పొద్దుటినుంచీ దాని ప్రాణం తీశాను. అది ముభావంగా సంచి భుజాన వేసుకుని ఆటో కోసం గుమ్మంలో నిలబడింది. దారిలో తినడానికి కట్టిన పులిహోర డబ్బా తీసుకుని, నాకిష్టం లేదని ఇంకోసారి గట్టిగా చెప్పి, స్టేషనుదాకా దిగబెట్టడానికి నేనూ చెప్పులు తొడుక్కున్నాను.